బుచ్చిరాములుకు లొంగని ఇంజిన్

నాచారం పారిశ్రామికవాడలో ఏ జనరేటర్ మొండికేసినా కబురు బుచ్చిరాములుకే వెళ్తుంది. ఆయన హడావుడి పడే మనిషి కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కాసేపు వింటాడు. తర్వాత రోగమేమిటో చెబుతాడు. ముప్పయ్యేళ్లుగా ఆ చెవి తప్పు చెప్పింది లేదు. విప్పిన వైర్లకు మాత్రం దారంతో ఒకటి, రెండు, మూడు అని ముడులు వేసి గుర్తు పెట్టుకుంటాడు. అది ఆయన చాదస్తమని తోటివాళ్లు నవ్వుతారు. ఆయనా నవ్వి ఊరుకుంటాడు.

అలాంటి మనిషి నాలుగు ఆదివారాలుగా ఒక్క ఇంజిన్ దగ్గర ఓడిపోతున్నాడు. అదీ నిజం ఇంజిన్ కాదు. తన ఇంటి మేడ మీద అద్దెకుండే గిరిప్రసాద్ కంప్యూటర్‌లోని యుద్ధవిమానం ఆటలోది. భీమవరం నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న గిరికి ఆ ఆటంటే పిచ్చి.

మొదటి ఆదివారం నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి పైకెళ్లిన బుచ్చిరాములు ఆ తెర ముందు నిలబడిపోయాడు. వాయుసేనలో చేరి జెట్ ఇంజిన్‌ను తన చేత్తో ఒక్కసారి స్టార్ట్ చేయాలని పద్దెనిమిదేళ్లప్పుడు ఎంత ఆశపడ్డాడో! వైద్య పరీక్షలో కాదన్నారు. ఎందుకన్నారో భార్య సక్కుబాయికి కూడా ఇంతవరకు చెప్పలేదు. హకీంపేట వాయుసేన స్థావరం వైపు నుంచి విమానాల మోత వినిపిస్తే ఇప్పటికీ చేతిలో స్పానర్ ఆగిపోతుంది.

ఆటలో ముందు స్టార్టర్ నొక్కాలి. లోపలి చక్రం వేగం అందుకుని, తెర మీది ఎర్ర దీపం పచ్చగా మారగానే బల్ల మీదున్న ఇంధనం మీట ముందుకు తోయాలి. అంతే పని. గిరి చేస్తే ఇట్టే అవుతుంది. బుచ్చిరాములు తోస్తే ఒకసారి తొందర, మంట ఎగసి ఇంజిన్ ఆగిపోతుంది. ఇంకోసారి ఆలస్యం, స్టార్టరే ఆగిపోతుంది. గిరి పాపం మీట వైరు మార్చాడు, సెట్టింగులు మార్చాడు, చివరికి ఆట మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాడు.

ఐదో ఆదివారం అతనికీ ఓపిక తగ్గింది. "ఆటో స్టార్ట్ నొక్కేద్దామా బాబాయ్ గారూ? దానంతటదే అంటుకుంటుంది."

"వద్దు గిరీ. నా చేతి మీదనే కావాలె."

"అయితే దీపం పచ్చగా అయ్యేదాకా ఆగండి. ముందే తోసేస్తున్నారు."

"ఇప్పుడైందా పచ్చగ?"

నోరు జారింది. గిరి ఆయన ముఖంలోకి చూశాడు. బుచ్చిరాములు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ముప్పయ్యారేండ్ల కింద సికింద్రాబాద్‌ల గిట్లనే అడిగిన్రు. చుక్కల పుస్తకం దెరిచి, అండ్ల నంబరెంత అన్నరు. నాకు చుక్కలే కనవడ్డయి. ఎరుపైనా పచ్చైనా నాకు ఒక్కతీరే."

"మరి ఆ వైర్ల ముడులు?"

"గందుకే."

బుచ్చిరాములు చెయ్యి చాచాడు. "ఆ హెడ్‌ఫోన్ ఇటియ్యి. నువ్వు స్టార్ట్ జేస్తుంటే జర ఇంట."

గిరి మూడుసార్లు స్టార్ట్ చేశాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. కీచుమంటూ పైకి పాకే శబ్దం ఒకచోట గరుకు పోయి నున్నబడుతోంది. నాలుగోసారి తనే స్టార్టర్ నొక్కాడు. కళ్లు తెరవలేదు. శబ్దం నున్నబడగానే మీట తోశాడు. ఇంజిన్ అందుకుంది.

"విమానం పైకి లేపుదామా బాబాయ్ గారూ?"

"ఆగు. జర నడువనియ్యి."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. "ఆ పొద్దు పుస్తకం గాకుంట, ఇంజిన్ జూపిచ్చి చెవి పెట్టుమంటే ఎంత బాగుండు గిరీ."

కింద నుంచి సక్కుబాయి అన్నానికి పిలుస్తోంది. బుచ్చిరాములు హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి పక్కకు జరిపాడు.

"ఆమెనే పైకి రమ్మను. ఇది ఇనాలె. ఒక ముచ్చట గూడ జెప్పాలె. అప్పటిదాంక ఇంజిన్ బంద్ జేయకు."