కడగకూడని మూకుడు

ఈ ఉదయం పూజ ముగించి, నైవేద్యం పెట్టిన తేనె చెంచాడు నోట్లో వేసుకున్నాను. ముందు తీపి. మింగిన తరువాత నాలుక వెనుక సన్నటి చేదు. ఉగాది రోజుల్లో మా వైపు విరగబూసేది వేపే కాబట్టి, ఆ కాలం తేనెలో ఆ చేదు ఉంటుంది. పట్నం చుట్టాలు చెడిపోయిందేమో అని మొహం చిట్లిస్తారు. నాకు మాత్రం వెంటనే గోడ అవతలి నారాయణమ్మత్త గొంతు వినిపిస్తుంది. "చెడింది తేనె గాదు, వాళ్ల నాలిక!"

మాది బత్తలపల్లె పక్క ఊరు. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, పురాణాలు చదివించాడు. పెళ్లయి ఈ ఊరొచ్చాక మిగిలిన చదువు నారాయణమ్మత్త పెరట్లో సాగింది. అందుకు ఆ తండ్రికీ, ఈ పొరుగుకూ రోజూ మనసులో మొక్కుకుంటాను. ఆమె వేపచెట్టు నీడలో తేనె పెట్టెలు పెట్టుకుని, ఈగలను "మా పిల్లలు" అనేది. "చూడమ్మా, కష్టం చేసేదంతా ఆడవే. మగవి తిని పండుకుంటాయి" అని నాకు చెబుతుంటే, మంచం మీంచి ఆమె భర్త తల ఎత్తేవాడు.

"నా పక్క చూసి ఏంటికి చెప్తావుమే?"

"నేను ఈగల పక్కే చూస్తాండా. మంచం అడ్డముండాది."

ఒక ఎండాకాలం బోర్లన్నీ ఎండిపోయి, వీధి చివర సిమెంటు తొట్టిలో టాంకరు నింపిపోయే నీళ్లే ఊరికి దిక్కయ్యాయి. మనుషుల కంటే ముందే ఈగలు తొట్టి అంచున బారులు తీరేవి. ఎదురింటి ఈరమ్మ ఒకరోజు చెంబు ఎత్తి తాగబోతే, అంచున ఉన్న ఈగ పెదవి మీద కుట్టింది. పెదవి వంకాయంత అయింది. ఆ పెదవితోనే వీధి ఆడవాళ్లను వెంటబెట్టుకుని అత్త ఇంటికి వచ్చింది. మాట సరిగా రావడం లేదు కానీ ఆగడమూ లేదు.

"మాకు తాగను నీళ్లు ల్యాక సస్తాంటే, నీ ఈగలకు మా తొట్టే కావల్నా? శనివారం టాంకరు వచ్చేలోపల పెట్టెలు ఊరి బయట పెట్టు. ల్యాకుంటే మేమే పొగబెడతాం."

"ఊరి బయట నీడ యాడుండాదే? ఈ ఎండకు మైనం కరిగి అన్నీ సస్తాయి."

"నా మూతి చూడు!"

"చూస్తాండా. ముందుకంటే నిండుగా ఉండాది."

వచ్చినవాళ్లు నవ్వారు. గడువు మాత్రం మారలేదు. అందరూ పోయాక అత్త అన్నం ముట్టలేదు. పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుని కళ్లు తుడుచుకుంది.

పెరట్లోనే నీళ్లు పెడితే తొట్టి దగ్గరికి పోవు కదా అన్నాను. ఆ భారం నేనే తీసుకున్నాను. ఇత్తడి పళ్లెం చింతపండుతో తళతళా తోమి, మంచినీళ్లు పోసి, తులసిదళం, చిటికెడు పచ్చకర్పూరం వేసి, దండం పెట్టాను. ఒక్క ఈగ వచ్చింది. పళ్లెం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నేరుగా వీధి తొట్టికి పోయింది.

"తీర్థం తాగేదానికి అవి భక్తులేంటమ్మా?" అని అత్త ఆ దుఃఖంలోనూ నవ్వింది. తరువాత ఇద్దరం కూర్చుని గమనించాం. కొన్ని ఈగలు పక్కింటి గొడ్ల తొట్టికి పోయి, పాచి పట్టిన అంచున హాయిగా తాగుతున్నాయి. అత్త పాత మట్టి మూకుడు తెచ్చి ఆ పాచినీళ్లే నింపింది. మునిగిపోకుండా వాలడానికి గులకరాళ్లు పరిచి, రుచి తగలడానికి కాస్త బెల్లం కలిపింది. నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను. కాసేపటికి ఒక ఈగ వాలింది. మరికాసేపటికి రాళ్లు కనిపించలేదు.

"నువ్వు పెట్టినేది నీకు నచ్చే నీళ్లు. పెట్టాల్సింది వాటికి నచ్చేటివి" అంది అత్త.

శనివారం టాంకరు వచ్చింది. ఈరమ్మ తొట్టి చుట్టూ తిరిగి అంచంతా వెతికింది. తిట్టడానికి ఒక్క ఈగైనా దొరకలేదు. నిరాశగా చెంబుతో అత్త పెరట్లోకి వచ్చింది.

"కుట్టినేది మీ ఈగలు. మందు గూడా మీరే ఇయ్యాల" అని చెంబు చాపింది.

అత్త చెంబు లోతు చూసింది. "మందు పెదవికా, ఊరికా?"

ఆ చెంబు తేనెతోనే ఈరమ్మ దారికొచ్చింది. అత్త పోయేముందు పెట్టెలను ఆమెకే అప్పజెప్పింది. ఇప్పుడు నేను తేనె కొనేది ఈరమ్మ దగ్గరే. చుట్టాలనూ ఆమె గడపకే పంపుతాను. బేరమాడితే తిట్లు తిని వస్తారు, కానీ తేనె తెచ్చుకునే వస్తారు.

మూకుడు మాత్రం నాకు దక్కి, మా తులసికోట పక్కన ఉంది. మా ఇంట్లో తోమకూడని పాత్ర అదొక్కటే. మొన్న శుక్రవారం మా కొత్త కోడలు, పాపం భక్తితోనే, దాన్ని కొబ్బరిపీచుతో రుద్ది, పసుపు కుంకుమ పెట్టి, మంచినీళ్లు నింపింది. పొద్దెక్కేసరికి ఈరమ్మ వాకిట్లో నిలబడింది.

"ఎవరమ్మా మా పిల్లల మూకుడు తోమినేది? అన్నీ వీధి తొట్టి మీదుండాయి!"

కోడలు బిక్కమొహం వేసింది. నాకు నా ఇత్తడి పళ్లెం గుర్తొచ్చి నవ్వొచ్చింది. కోడలిని వెంటబెట్టుకుని గొడ్ల తొట్టికి పోయి పాచినీళ్లు తెచ్చాను. కోడలు కొంగుతో ముక్కు మూసుకుంది. మూకుడు నింపి నేను దండం పెట్టాను. ఈగలు ఒక్కొక్కటే వచ్చి, నా దండాన్ని ఎప్పటిలాగే పట్టించుకోకుండా, కడుపునిండా తాగాయి.