తవుడికి కొన్న బిడ్డ

పందొమ్మిది వందల అరవై ఆరు. బెల్లం సీజను జోరుమీదున్న రోజులు. అనకాపల్లిలో ఏ సందులోకి వెళ్ళినా కొత్త బెల్లం వాసనే. నేనప్పుడు ఊళ్ళో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సు మిడ్‌వైఫ్‌ని. మా నాన్నగారు బజార్లో ట్రంకుపెట్టెలు చేసేవారు. ముస్లిం ఇంటి ఆడపిల్ల నర్సుపని నేర్చుకుంటానంటే ఎన్ని నోళ్ళు లేచేయో చెప్పక్కర్లేదు. తర్వాత ఆ నోళ్ళున్న ఇళ్ళల్లోనే పురుళ్ళు పోసేను, అది వేరే సంగతి. నా పేరు మహబూబ్ బీ. పల్లెల్లో మాత్రం అందరికీ బీబమ్మనే.

మిడ్‌వైఫ్ పనంటే బిడ్డని పట్టుకోవడమే అనుకుంటారు చాలామంది. దానికి ముందు హిస్టరీ తియ్యాలి. ఎన్నో కాన్పు, పోయిన బిడ్డలెందరు, ఎలా పోయేరు, అన్నీ ఓపిగ్గా అడగాలి. ప్రైమీ అయితే, అంటే తొలిచూలు మనిషైతే, ఏ ఊరి కోడలని కాదు, ఏ ఊరి కూతురని అడగాలి. తొలికాన్పు పుట్టింట్లోనే కదా జరుగుతుంది. నొప్పులొచ్చేవేళకి మనం పరిగెత్తాల్సింది ఆ ఊరికే.

ఒకరోజు మా ఊరి పాస్టరుగారు ఒక దొరసానిని ఆస్పత్రికి తీసుకొచ్చేరు. పేరు ఎలెన్. స్కాట్లండు నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. మన ఎండల్లో, మన మట్టిరోడ్లమీద, బిగుతు బూట్లేసుకుని ఊళ్ళన్నీ తిరిగిందట. రెండు కాళ్ళూ బొబ్బలెక్కి చితికిపోయేయి. నేను కట్టు కడుతూ నా నర్సింగు స్కూలు ఇంగ్లీషులో, "ఈ కాళ్ళతో ఇంత తిరుగుడు ఎందుకమ్మా?" అని అడిగేను.

"మా పిన్ని పిల్లల కోసం," అంది.

వాళ్ళ తాతగారు ఎప్పుడో తొలిరోజుల్లో ఈ ప్రాంతానికి వచ్చిన మిషనరీ. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె ఎలెన్ వాళ్ళమ్మ. చిన్నామె ఎస్తేరు. తల్లిదండ్రులు ఇక్కడే కాలం చేసేరు. పెద్దామె తమవాళ్ళలోనే ఒకాయన్ని పెళ్ళాడి మద్రాసులో కాపరం పెట్టింది. ఎస్తేరు మాత్రం మనవాణ్ణి, మిషను ఆస్పత్రి కాంపౌండర్ని చేసుకుంది. తొలిచూలప్పుడు, "అక్కా, కాన్పుకి నీ దగ్గరకి వస్తాను" అని ఉత్తరం రాసిందట.

"మా అమ్మ రావద్దంది," అని దొరసాని తల దించుకుంది. "నల్లవాడి బిడ్డ నా ఇంట్లో పుట్టడానికి వీల్లేదని రాసింది. తర్వాత స్కాట్లండు వెళ్ళిపోయేరు. ఇద్దరికీ మాటల్లేవు. నిరుడు మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. ఎస్తేరు పిల్లల్లో ఒక్కర్నైనా చూసి, తప్పు నాదని చెప్పు అంది. వచ్చే వారం నా ఓడ. ఇక మళ్ళీ రాగలిగే వయసు కాదు నాది."

పాస్టరుగారు నిట్టూర్చేరు. చర్చి పుస్తకాలన్నీ వెతికేరట. ఆ కాంపౌండరు ఉద్యోగం కోసం ఊళ్ళు మారేడు. కొడుకుల్లేరు. ఉన్న ఒక్క కూతురూ పెళ్ళై ఎక్కడికెళ్ళిందో చెప్పేవాళ్ళు లేరు. ఇంటిపేరు పట్టుకుని వెతికితే దారి అక్కడితో ఆగిపోయింది.

నాకు హిస్టరీ అడగడం అలవాటు. ఊరికే ఉండలేక, "మీ అమ్మమ్మగారికి ఎన్ని కాన్పులు?" అన్నాను.

"అయిదు. మా అమ్మ మొదటిది. తర్వాత వరసగా ముగ్గురు పుట్టి పోయేరు. ఆఖరిది ఎస్తేరు."

వరసగా ముగ్గురు పోయేక నిలబడ్డ పిల్ల! కట్టు కడుతున్న నా చెయ్యి ఆగిపోయింది. యా అల్లా, వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికోసం ఊరంతా తిరుగుతున్నామా అనిపించింది.

ఎందుకంటే, అంతకు ముందు ఏడాది రోలుగుంట అవతల పల్లెలో నేనొక పురుడు పోసేను. ఆస్పత్రికి రాలేనివాళ్ళకి ఇంటికే వెళ్ళి చేస్తే డొమిసిలియరీ కేసు అనేవాళ్ళం. అలాంటి కేసది. చెరుకు రైతుల ఇల్లు, గోడకి దేవుళ్ళ పటాలు. పురిటిమంచం మీదున్న సుగుణ మాత్రం కిరస్తానీ పిల్ల, నక్కపల్లిలో టీచరు. తొలికాన్పుకి ఈ ఇంటికెందుకొచ్చిందా అనుకున్నాను. అంతకన్నా వింత, బిడ్డకి స్నానం చేయించగానే ఇంటిపెద్ద అప్పలనరసమ్మ ఆ బిడ్డని చేటలో పడుకోబెట్టి శేరు తవుడు పోసి కొనుక్కుంది.

మావైపు అదొక ఆచారం. వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే చేటలో పెట్టి గుమ్మం బయట ఉంచుతారు. వేరే ఇంటి ఆడమనిషి తవుడిచ్చి ఆ బిడ్డని కొనుక్కుని, "ఇది నా బిడ్డ, నాకోసం పెంచు" అని మళ్ళీ తల్లి చేతిలోనే పెడుతుంది. ఆ ఇంటి బిడ్డ కాదు కాబట్టి చావు దాని జోలికి రాదని నమ్మకం. తవిటయ్యలూ తవిటమ్మలూ మా పల్లెలనిండా ఉన్నారు. కానీ సుగుణది తొలికాన్పు, పోయిన బిడ్డల్లేరు. మరి తవుడెందుకని అడిగితే, "మా ఆడపడుచు మనవరాలు. ఆళ్ళ పిల్లల్ని కొనుక్కోడం మా ఇంటి ఆనవాయితీ" అంది ముసలమ్మ. ఇంకో కేసుకి పరిగెత్తాల్సి ఉండి నేనింకేమీ అడగలేదు.

దొరసానికి అప్పుడే ఆశ పెట్టడం ఇష్టంలేక, మర్నాడు పొద్దున్నే రోలుగుంట బస్సెక్కేను. దిగి, చెరుకుబండి మీద పల్లె చేరేను. కళ్ళంలో బెల్లం పాకం ఉడుకుతోంది. అప్పలనరసమ్మ మండువాలో కూర్చుని కందులు చెరుగుతోంది.

"ఏటి బీబమ్మా, ఎవులికి నొప్పులు? దారి తప్పొచ్చేవేటి?"

"నొప్పులు కాదు మామ్మా. నిరుడు సుగుణ బిడ్డని తవుడికి కొన్నావు కదా. ఆ ఆనవాయితీ ఎవరితో మొదలైంది?"

"మా అత్తతోటి," అంది చెరగడం ఆపకుండా. "మా అత్త దొరలింట్లో ఆయా. దొరసానికి వరసగా ముగ్గురు పోయేరు. ఆ తరవాత ఆడపిల్ల పుట్టిన రోజున దొర ఊళ్ళో నేడు. దొరసానే బిడ్డని సేటలో ఎట్టి, నువ్వు కొనుక్కో, బతికితే సాలన్నాదట. మా అత్త సేరు తవుడిచ్చి కొనీసింది. ఆళ్ళకి ఎస్తేరు. మాకు తవిటమ్మ. నాను కాపరానికొచ్చిన కాడినుంచి ఒదినా ఒదినా అని నా ఎనకాలే తిరిగీది."

చేట పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. "తవుడికి కొన్న పిల్లకి పెళ్ళైతే, కన్నోళ్ళు తవుడు తిరిగిచ్చి ఇడిపించుకోవాల. తవిటమ్మ పెళ్ళికి ఆళ్ళవోళ్ళు ఒక్కడూ రానేదు. తవుడు తిరిగిచ్చినోడు నేడు. నెలలు నిండతన్నప్పుడు ఒక్కర్తీ బండి దిగింది. ఒదినా, అక్క రావద్దంది, నాకు పుట్టిల్లు నేదు అని గుమ్మంలోనే కూలబడిపోయింది. మా అత్త పొయ్యికాడినుంచి గరిటతోటే ఒచ్చీసింది. తవుడెట్టి కొన్నదాన్ని నానింకా సావనేదు, పుట్టిల్లు నేదంటావేటే అని ఒక్క అరుపు అరిసింది. ఆ పురుడు ఈ ఇంట్లోనే. దాని కూతురు పురుడూ ఇక్కడే. నిరుడు సుగుణకి నువ్వే పోసేవు కదా."

ఎన్నో పురిటిగదుల్లో ఎన్నో చూసి రాయైపోయేననుకునేదాన్ని. ఆవేళ ఆ మండువాలో కూర్చుని భోరుమని ఏడ్చేను. ఏడుపు తగ్గేక ఎలెన్ దొరసాని సంగతి చెప్పేను. ముసలమ్మ మొహం బిగుసుకుపోయింది.

"ఇన్నేళ్ళకి గేపకం ఒచ్చేమా? మా మాటకేటిలే. ఆ ఏడుపు సుగుణ అమ్మమ్మది. ఇప్పుడు తవిటమ్మా నేదు, దాని కూతురూ నేదు. సుగుణ సరేనంటే తీసుకురా."

నక్కపల్లి కబురు పంపితే, సుగుణ రెండ్రోజులు ఆలోచించుకుని సరేనంది. దొరసానికి అంతా పూసగుచ్చినట్టు చెప్పేను. తవుడు తిరిగివ్వని సంగతి దగ్గర ఆవిడ ఆగిపోయి, మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. అనుకున్న రోజున బస్సెక్కేటప్పుడు చూద్దును కదా, చేతిలో కొత్త గుడ్డసంచీ. బజార్లో తనే బేరమాడి కొనుక్కున్న తవుడు. "మా ఇంటివాళ్ళు చెయ్యాల్సిన మర్యాద. నేనైనా చెయ్యాలి," అంది. నాకూ అది సబబుగానే తోచింది.

మేం వెళ్ళేసరికి సుగుణ మండువాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. నిరుడు పుట్టిన బిడ్డ కాళ్ళ దగ్గర పాకుతోంది. నమస్కారాలయ్యేయి. దొరసాని ముందుకెళ్ళి సంచీ అప్పలనరసమ్మ ముందు రెండు చేతులతో పెట్టింది.

"ఏటది?"

దొరసాని దారి పొడుగునా నా దగ్గర నేర్చుకున్న మాట జాగ్రత్తగా పలికింది. "తవుడు."

సుగుణ చటుక్కున వంగి బిడ్డని ఎత్తుకుని గుండెకి అదుముకుంది. ముసలమ్మ సంచీని వెనక్కి తోసింది.

"మా పిల్లల్ని ఇడిపించుకుపోడానికొచ్చేవా? తవిటమ్మ మా ఆడపడుచు కాదనడానికొచ్చేవా?"

ఆ తవుడు పుచ్చుకుంటే లెక్క తీరిపోయినట్టే. తవిటమ్మకీ, ఆమె కడుపున పుట్టినవాళ్ళకీ ఆ ఇల్లు పుట్టిల్లు కాకుండా పోయినట్టే. మర్యాద అనుకుని మేం మోసుకొచ్చింది తెగతెంపుల్ని. ఆ సంగతి ఇంగ్లీషులో ఎలాగో చెప్పేను. దొరసాని ఆ బొబ్బల కాళ్ళతోనే నేలమీద కూర్చుండిపోయింది.

"కాదు, కాదు. తీసుకుపోవడానికి రాలేదు. తప్పు మా అమ్మదని చెప్పడానికి వచ్చేను. అది ఆమె ఆఖరిమాట. తవుడు సంగతి నాకు తెలీలేదు. నన్ను క్షమించండి."

నేను ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతుంటే సుగుణ కళ్ళార్పకుండా వింది. "మా అమ్మమ్మని రావద్దన్నది మీ అమ్మగారేనా?" అంది.

"అవును."

"మా అమ్మమ్మ ఆవిణ్ణి ఎప్పుడూ తిట్టలేదండి. నాకు జడ వేసినప్పుడల్లా, మా అక్క నాకిలాగే వేసేది అని చెప్పేది." దొరసానికి ఆ మాట ఇంగ్లీషులో చెప్పేను. విని ఆవిడ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. సుగుణ వచ్చి పక్కన కూర్చుని బిడ్డని ఆవిడ ఒళ్ళో పెట్టింది.

అప్పలనరసమ్మ లేచింది. సంచీ అందుకుని పెరట్లో ఉన్న కొడుకుని కేకేసింది. "ఒరే, ఈ తవుడు గేదె కుడితిలో కలిపీ." తర్వాత నావైపు తిరిగింది. "నాను పుచ్చుకోనేదని సెప్పు. లెక్క తీరిపోతే రాకపోకలుండవు. అదలాగే ఉండనీ."

చెప్పేను. దొరసాని తలూపింది.

"దీనికి పెళ్ళైందా?"

"లేదు మామ్మా."

"అన్నదమ్ములు?"

"ఎవరూ లేరు. వాళ్ళమ్మ పోయేక ఒక్కర్తే."

ముసలమ్మ లోపలికి వెళ్ళి చీర, పసుపుకొమ్ములు, కొత్త బెల్లం అచ్చు పట్టుకొచ్చింది. "తవిటమ్మ బొట్టెట్టుకునీది కాదు కదా. కుంకం బదులు బెల్లం ఎట్టీవోళ్ళం," అంటూ అన్నీ దొరసాని ఒళ్ళో పోసింది. "నా ఆడపడుచు అక్కకూతురంటే నాకు మేనకోడలే గదా. నన్ను అత్తా అని పిలమను."

ఆవిడ పిలిచింది. వెళ్ళేటప్పుడు, మనవాళ్ళు వెళ్తానని అనరు, వస్తానని చెప్పాలని నేను నేర్పితే, గుమ్మంలో నిలబడి, "వస్తాను అత్తా" అంది. ఆ బెల్లం అచ్చు బస్సులో నన్ను పట్టుకోనివ్వలేదు, ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

రెండేళ్ళ తర్వాత పాస్టరుగారికి కబురొచ్చింది, ఎలెన్ దొరసాని నిద్రలోనే పోయిందని. ఆ మాట చెప్పడానికి నేనే పల్లె వెళ్ళేను. అప్పలనరసమ్మ విని కోడళ్ళని కేకేసింది. అందరూ నూతి దగ్గరకెళ్ళి ఒకరి తర్వాత ఒకరు నెత్తిన నీళ్ళు పోసుకున్నారు. పరాయి మనిషి పోయిందంటే అయ్యో అంటారు గానీ ఎవరూ నెత్తిన నీళ్ళు పోసుకోరు.

ఆ కేసు తర్వాత నేను హిస్టరీ తీసే పద్ధతి కొంచెం మారింది. తొలిచూలు పిల్ల వస్తే, నీ పుట్టిల్లు ఏ ఊరని ఇదివరకట్లా అడగడం మానేసేను. "నిన్ను మా పిల్ల అనేవాళ్ళెవరమ్మా?" అని అడిగేదాన్ని. ఎవరూ లేరని తల దించుకున్న పిల్లలు కొందరు ఉన్నారు. వాళ్ళ బిడ్డలకి నా పెట్టెలో ఎప్పుడూ ఒక శేరు తవుడు ఉండేది.