ఆముదం నర్సమ్మ

భాగీరథమ్మకు నర్సు పని నేర్పినవాళ్ళు ఏం నేర్పారో గాని, బెంగళూరు పేటలోని ఒక ఆడపిల్లల బడిలో ఆమె వాడే మందు ఒకటే, ఆముదం. తలనొప్పి అన్నా అదే, ఒళ్ళు వెచ్చబడినా అదే. కడుపు కడిగితే సగం జబ్బులు పోతాయనేది. మనిషి మంచిదే, నోరే కాస్త చేదు. పిల్లలు చాటుగా ఆముదం నర్సమ్మ అనేవాళ్ళు. ఆ సంగతి తెలిసీ ఊరుకునేది.

యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో ఏడో తరగతిలో మునిలక్ష్మి అని ఒక నేతగాళ్ళ పిల్ల ఉండేది. పాఠం మొదలైతే చాలు, రెండు వేళ్ళు చూపించి బయటికి పరుగెత్తేది. తరగతంతా కిసుక్కుమనేది. పంతులమ్మ విసుక్కుని భాగీరథమ్మ దగ్గరికి పంపేది. పాఠం ఎగ్గొట్టే ఎత్తు అనుకుని ఈవిడ గరిటెడు పోసేది. ఆముదం తాగిన మొహం అంటామే, ఆ మొహంతో పోయిన పిల్ల మర్నాడు బడికి వచ్చేది కాదు. ఏడాది తిరిగేసరికి పుల్లలా చిక్కిపోయింది.

ఆఖరికి హెడ్మిస్ట్రెస్ కమలమ్మ భాగీరథమ్మను పిలిచి తేల్చేసింది.

"దానిది అంటుజబ్బమ్మా. పిల్లల తల్లులు వచ్చి గలాటా చేస్తా ఉండారు. నెలాఖరుకు పేరు కొట్టేస్తాను."

కబురు తెలిసి బడికి వచ్చిన పిల్ల తండ్రి ఓబళప్ప ఎదురు చెప్పలేదు. "సరే తల్లీ, మగ్గం కాడ కండెలు చుట్టుకుంటాదిలే" అన్నాడు. చదువంటే ప్రాణం పెట్టే పిల్ల, గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఆ వారమే బడి నర్సులందరినీ ఆస్పత్రికి పిలిపించారు. ఒక డాక్టరమ్మ పాఠం చెబుతుందట. "ఈమె నాకు కొత్తగా ఏం చెప్తాది" అని గొణుక్కుంటూనే వెళ్ళింది భాగీరథమ్మ. డాక్టరమ్మ పేగుల బొమ్మ గోడకు తగిలించింది. కొందరు పిల్లలకు పెద్దపేగు లోపల పుండ్లు పడతాయని, అది ఏళ్ళ తరబడి తగ్గుతూ తిరగబెడుతూ ఉంటుందని, రక్తం పడుతుందని, ఒకరి నుంచి ఒకరికి అంటదని చెప్పింది. అంటుకునే రక్తవిరేచనాలు వేరే ఉన్నాయి, ఏది ఏదో పరీక్ష చేస్తేగాని తెలియదంది.

"ఏదైనా సరే, అలాంటి పిల్లకు ఆముదం పోశారో, పుండు మీద కారం చల్లినట్టే."

భాగీరథమ్మకు మునిలక్ష్మి చిక్కిన మొహం గుర్తొచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసిన చెయ్యి తనదే.

మర్నాడే మునిలక్ష్మిని వెంటబెట్టుకుని ఆ ఆస్పత్రికే పోయింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఇది అంటేది కాదు, పేగు పుండే అని చెప్పింది. పూర్తిగా నయం చేసే మందు లేదు. మెత్తటి తిండీ విశ్రాంతీ కావాలి, బడి మానాల్సిన పని లేదు. తర్వాత పిల్లను దగ్గరికి పిలిచింది.

"రక్తం ఎన్నాళ్ళ నుంచి పడుతోందమ్మా?"

"శానా నాళ్ళాయ."

"మరి మీ నర్సమ్మకు చెప్పలేదేం?"

పిల్ల భాగీరథమ్మ వైపు బెదురుగా చూసింది. "చెప్తే ఇంకో గరిటె పోస్తాదని."

భాగీరథమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడింది.

"అంటుజబ్బు కాదని డాక్టరమ్మ చెప్పిందమ్మా. పేరు కొట్టెయ్యొద్దండి. గుమ్మం పక్కన కూర్చోబెట్టండి, అడక్కుండా పోయి రానీండి."

"పాఠం ఎగ్గొట్టే పిల్ల అని చెప్పింది నువ్వే కదా" అంది కమలమ్మ.

"చెప్తిని. ఒక్కనాడు కూర్చోబెట్టి ఏమే, ఏమైందే అని అడగలేదు. తప్పు నాది. దానికి శిక్ష వెయ్యొద్దండి."

కమలమ్మ సరేనంది. ఆ ఏడు పెద్దపరీక్షలో మునిలక్ష్మి ఎన్నోసార్లు మధ్యలో లేచి పోయింది. పోయిన ప్రతిసారీ తిరిగి వచ్చి కూర్చుని రాసింది.