గోల్కొండ గుమ్మటం కింద సువార్తమ్మ టీచరు

సువార్తమ్మ టీచరు గారు ప్రభువునందు నిద్రించారన్న కబురు మా చర్చి సంఘం వాట్సాప్‌లో చూసేటప్పటికి, నేను చిక్కడపల్లిలో మా జాకెట్టు గుడ్డల కొట్లో బోణీ బేరంలో ఉన్నాను. "ఆఖరి ధర చెప్పన్నా, జర చూసి" అంటోంది అవతల ఒకావిడ. నా నోరు పెగల్లేదు. ఆ మౌనాన్ని మొండితనం అనుకుని, ఆమె తనంతట తానే ధర పెంచింది. నేను గెలిచిన బేరాలలో అంత చేదైనది మరొకటి లేదు. నిద్రించారట! నిద్రపోయినవాళ్లు తెల్లారాక లేస్తారు. అశోక్‌నగర్‌లో టీచరు గారుండే కిరాయి గది తలుపు ఇక ఆమె తీయరు.

ఎరుగని వారి కోసం చెబుతున్నాను. తెనాలి దగ్గరి పల్లె నుంచి ఉపాధ్యాయినిగా వచ్చి, పదవీ విరమణ తర్వాత కూడా ఇక్కడే ఉండిపోయిన ఒంటరి మనిషి ఆమె. నారాయణగూడలోని మా చర్చిలో సండే స్కూలు అంటే ఆమే. నాకూ ఆమే పాఠం చెప్పారు, నా పిల్లలకూ ఆమే చెప్పారు. నిర్మల వాక్కు, నిరాడంబర జీవనం అని అందరి సంస్మరణల్లోనూ రాస్తారు. బేరగాణ్ణి గనుక నేనూ సరుకును కాస్త పెంచి చెప్పేవాణ్ణే. ఈమె విషయంలో ఆ అవసరం పడలేదు.

మా నాన్నకు ఆమె అంటే హడల్. కొట్టుకొచ్చి ధర అడిగి, చెప్పినంతా మారుమాట లేకుండా ఇచ్చేసేవారు. తగ్గిస్తామని ముందే పెంచి చెప్పే అలవాటున్న మా ఇంటికి అంతకు మించిన విపత్తు ఏముంటుంది? "టీచరమ్మా, జర బేరమాడున్రి, నాకు పాపం చుట్టుకుంటది" అని మా నాన్న ప్రాధేయపడితే, "నువ్వు చెప్పిన ధర నీ మాట కదయ్యా, మాట మీద బేరమేంటి?" అనేవారు. అప్పటి నుంచి ఆమె గుమ్మం ఎక్కగానే నాన్న అసలు ధర గొణిగేసి లోపలికి వెళ్లిపోయేవాడు. నన్ను మాత్రం "ఒరేయ్ సేటూ" అని పిలిచేవారు. నాలోని వ్యాపారిని ఆమె చిన్ననాడే పసిగట్టారు.

ఏటా వేసవి బైబిలు తరగతులు ముగియగానే అందరూ పిల్లలను జూపార్కుకు తీసుకెళ్తే, ఆమె మమ్మల్ని గోల్కొండకు తీసుకెళ్లేవారు. ఆ పురాతన ప్రాకారమే ఆమెకు నల్లబల్ల. ఒకసారి, ఏనుగులు కుమ్మకుండా ఇనుప మేకులు దిగ్గొట్టిన మహాద్వారం ముందు నిలబెట్టి, "ఈ తలుపును శత్రువులు బద్దలు కొట్టలేకపోయారర్రా. లోపలివాడొకడు గడియ తీశాడు, కోట పోయింది. మీ మనసుకూ గడియ లోపలే ఉంది. ఎవరికి తీస్తారో చూసుకోండి" అన్నారు. నేను చెయ్యెత్తాను. "గడియ తీసినోనికి ఎంతిచ్చిన్రు టీచర్?" పిల్లలంతా ఘొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. "ఎంతైనా తక్కువే రా సేటూ. బైబిల్లో గురువును ముద్దుపెట్టి శత్రువులకు అప్పగించిన శిష్యుడికీ తక్కువే గిట్టింది" అన్నారు.

నిరుడు ఆమె కడుపులో గడ్డ ఉందని తేలింది. మందులతో కొంత కరిగినట్టుందని డాక్టరు అన్నారు. 'కొంత' అన్న మాట నా చెవికెక్కలేదు. నాకు కావలసింది ఒక్కటే, ఆమె బతకాలి. మా సంఘంలో మేలు పొందినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం ఆచారం. మా బజారులోనూ ఒక ఆచారం ఉంది. బయానా, అదే ముందస్తు సొమ్ము, పుచ్చుకున్నవాడు ఇక సరుకు ఇంకొకరికి అమ్మడు. నేను రెండింటినీ కలిపాను. ఆ ఆదివారం మైకు ముందుకు వెళ్లి, "మా టీచరమ్మను దేవుడు పూర్తిగా బాగు చేసిండు, స్తోత్రం" అని సాక్ష్యం ముందుగానే చెప్పేశాను. సంఘమంతా ఆమెన్ అన్నది. ఇంతమంది ఎదుట బయానా కట్టాక ఆయన మాత్రం ఎట్లా వెనక్కి తగ్గుతాడని నా లెక్క!

బయట మెట్ల మీద టీచరు నా చెయ్యి పట్టుకున్నారు. "దేవుణ్ణి ఇరికిద్దామనుకున్నావురా?"

"ఇరికించుడు కాదు టీచర్, విశ్వాసం."

"విశ్వాసమా! బయానా ఆయన జేబులో బలవంతంగా కుక్కొచ్చావు." మెట్టు దిగుతూ అన్నారు, "నన్నొకసారి గోల్కొండ తీసుకెళ్లు."

చలి ఇంకా విడవని ఒక ఉదయం తీసుకెళ్లాను. మా వీధి ఆటో యాదగిరి, నేను కలిసి ఆమెను చేతుల మీద దింపినంత పని చేశాం. లోపలి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది దర్బారు దగ్గర వినబడుతుందని ఆ కోటకు ప్రఖ్యాతి. ఆమె అక్కడే రాతి అరుగు మీద కూర్చుని, "నువ్వు పైకి పో. నా చప్పట్లు విని రా" అన్నారు. "ఇద్దరం ఇక్కడనే కూసుందాం టీచర్" అన్నాను. "నువ్వు పో అన్నా, అమ్మను నేను చూస్తగా" అని యాదగిరి తరిమాడు.

మోకాళ్లు తిట్టుకుంటుండగా ఎక్కాను. పైన చెవులు రిక్కించి నిలబడ్డాను. కింద సందర్శకులు వరుసగా కొడుతూనే ఉన్నారు. పిల్లల చప్పట్లు, కుర్రకారు చప్పట్లు, ఈలలు. వాటన్నిటి మధ్య మెల్లగా, దూరం దూరంగా, అలసిన చప్పుడు ఒకటి వినబడింది. ఆమెదే! సందేహం లేదు. కళ్ల నీళ్లతో పరుగున దిగి, "విన్న టీచర్! మెల్లగ కొట్టిన్రు కదా, మీదే, గుర్తువట్టిన" అన్నాను.

యాదగిరి తల వంచుకున్నాడు. "కొట్టలే అన్నా. చేతులు లేస్తే గద."

నేను ఆ అరుగు పక్కనే కూలబడ్డాను. ఆమె నవ్వారు. "నేను కొట్టకపోయినా నీకు వినబడిందే! ప్రేమకు అంత చెవి ఉందన్నమాట. మరి నేను నోరు తెరవలేని రోజున ఆయనకు నేను వినబడనా? నన్ను బతికించమని ఇక ఆయన్ని నిలదీయకు సేటూ. ఆయన ఏమిస్తే అది తీసుకుందాం."

తీసుకోను అన్నాను. మనసులో కాదు, పైకే అన్నాను. యాదగిరి ఆటో తిప్పడానికి వెళ్లిపోయాడు. నా తిరుగుబాటుకు ఆమె కోపగించలేదు. నా తల మీద చెయ్యి పెట్టబోయారు. అదీ లేవలేదు. నేనే తల వంచి ఆ చేతి దగ్గరకు తీసుకెళ్లాను.

ఆఖరి వారం ఆమెకు మాట పడిపోయింది. మంచం పక్కన మోకరించి, "నా కోసం ఒక్క ప్రార్థన చేయున్రి టీచర్" అని ఏడ్చాను. పోయేవాళ్ల దగ్గర కూడా అడుక్కునే బుద్ధి మాది. పెదవులు కదలలేదు. కళ్లు మాత్రం నన్ను వదలలేదు.

ఆమె పోయాక చర్చిలో జరిగిన ఆదరణ కూడికలో పాస్టరు గారు నన్నే పిలిచారు. "అన్నా, రెండు మాటలు సాక్ష్యం చెప్పున్రి." అదే మైకు. నా ముందస్తు సాక్ష్యానికి ఆమెన్ అన్నవాళ్లే ఎదుట ఉన్నారు. "నేను అడిగిన. ఆయన ఇయ్యలే" అన్నాను. ఆ మీదట 'స్తోత్రం' అనాలి. అది రాలేదు. ముందు వరుసలోని ముసలమ్మ ఒకరు "అట్లనొద్దు బిడ్డా" అని ముక్కు చీదారు. నేను వచ్చి కూర్చున్నాను.

టీచరు గారూ, మీ స్థానంలో సండే స్కూలుకు మరొకరిని నియమిస్తారు. నాకు నియమించగలవారు లేరు. రోజూ తెల్లవారుజామున మోకరిస్తున్నాను. అలవాటుగా, ఏం ఇస్తానని మొదలుపెట్టాలో వెతుక్కుంటాను. ఇవ్వడానికి ఏమీ తోచదు. మీ ప్రాణం అడుగుదామంటే మీరు లేరు. మాట లేకుండా, ముడుపు లేకుండా, అలాగే ఉండిపోతున్నాను. ఎవరైనా వింటున్నారో లేదో నాకు తెలియదు. లేచి వెళ్లిపోవడం మాత్రం చేతకావడం లేదు.