స్టీలు పళ్లెంలో తెల్ల మరక

మడికొండలో మా ఎదురింటి పెద్దమ్మ ఎవరింట్లోనూ ఊరికే నీళ్లు తాగేది కాదు. స్టీలు పళ్లెంలో నాలుగు చుక్కలు పోసి ఎండలో పెట్టేది. ఆరాక అడుగున తెల్ల మరక కనిపిస్తే గ్లాసు తిరిగి ఇచ్చేసేది.

మేము బోరు వేయించిన వారానికి మా ఇంటికి వచ్చింది.

"మందంగ బంకమట్టి పొర ఉందట పెద్దమ్మా. అది వడగట్టిన నీళ్లు, అద్దం లెక్క ఉన్నయ్," అన్నాను గొప్పగా.

ఆమె పళ్లెం అడిగింది. నాకు ఒళ్లు మండింది.

"బంకమట్టి బురదను ఆపుతది బిడ్డా. కరిగిన ఉప్పును కొంత ఆపుతది, కొంత ఇడుస్తది. ఎంత ఇడిసిందో కండ్లకు కనవడదు గద!"

నీళ్లు ఆరిపోయాయి. పళ్లెంలో ముగ్గు చల్లినట్టు తెల్లగా మిగిలింది. కిడ్నీ జబ్బుతో ఉప్పు తగ్గించిన మా అమ్మ వారం రోజులుగా ఆ నీళ్లే తాగుతోంది.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ తమ నల్లా నీళ్లు బిందెడు తెచ్చి అమ్మ మంచం పక్కన పెట్టింది. ఆమె చూస్తుండగానే నేను పళ్లెం తీసుకుని, నాలుగు చుక్కలు పోసి ఎండలో పెట్టాను. తలెత్తాలంటే సిగ్గేసింది.

పెద్దమ్మ నొచ్చుకోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఆరనియ్. నేను గూడ జూస్త."