షామ్‌బర్గ్‌లో చెరువు శిఖం

హైదరాబాద్ నుంచి ఈ దేశం వచ్చిన కొన్నాళ్ళకే అత్తమ్మ మా పెరట్లో మట్టి ఎగదోసి మళ్ళు కట్టింది. జూలైకల్లా గోంగూర నడుమెత్తు పెరిగింది. ఆ నెలలోనే కుండపోతగా ఒక వాన కురిసి, పక్కింటావిడ బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి.

మీ మట్టిగట్లే నీళ్ళను నా వైపు తోశాయని ఆవిడ కంచె దగ్గర నిలబడి చెప్పింది. అరిచినా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. నవ్వుతూ, మర్యాదగా అంది. అత్తమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఆ నవ్వు అర్థమైంది. పెరట్లోకి వెళ్ళడం మానేసింది. వారం తిరక్కుండానే మా ఆయనతో, "నా టికెట్ ముందుకు జరుపు కొడుకా. ఇంకొకల ఇల్లు ముంచి నేనీడ ఎట్లుండాలె?" అంది.

"ఇన్సూరెన్స్ వాళ్ళు చూస్కుంటరు తియ్యమ్మా" అని ఆయన ల్యాప్‌టాప్‌లోకి దూరిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో పొద్దున్నే నాతో కూర్చుని టీ తాగే మనిషి అత్తమ్మ ఒక్కతే. ఆమె వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు.

ఒక సాయంత్రం ఆమే అడిగింది. "ఈ ఊరికి నక్ష లేదా బిడ్డా? మీ మామ ప్లాట్ కొనే ముందు పాత నక్ష తీపిచ్చిండు, చెరువు శిఖంల, నీళ్ళు నిలిచే జాగల, పడ్డదేమోనని. మీరు చూడలేదా?"

మేం చూడలేదు. స్కూల్ రేటింగ్ చూశాం. కంపాస్ పెట్టి మరీ తూర్పు గుమ్మం చూశాం. ఇల్లు కట్టకముందు ఆ నేల ఏమిటని మాత్రం ఎవరం అడగలేదు.

మర్నాడు లైబ్రరీకి డ్రైవ్ చేశాను. ఊరి పాత నక్ష అడిగితే, అక్కడ పనిచేసే అమ్మాయి బల్ల మీద ఒక మ్యాప్ పరిచింది. అన్నీ పొలాలే, ఒక్కో పొలం మీద ఒక్కో రైతు పేరు. అందులో ఒకటి మా వీధి పేరు. జీపీఎస్ రోజూ పలికే ఆ మాట ఒక మనిషి ఇంటిపేరని అప్పుడే తెలిసింది. మా పిల్లలు చదివే బడి అందులో ఒక చిన్న చదరం. రోడ్డు వంపు మాత్రం ఇప్పటిలాగే ఉంది. దాన్ని పట్టుకుని వేలు జరుపుకుంటూ పోతే, మా వీధి ఉండాల్సిన చోట నీలం గీతలు, రెల్లు గుర్తులు. చెరువు! మా ఇల్లు గట్టు మీద, పెరడు చెరువులో ఉన్నాయి. పక్కింటావిడ ఇల్లు నడి చెరువులో ఉంది.

కాపీ తీయించుకుని నేరుగా వెళ్ళి ఆవిడ తలుపు తట్టాను. ఆవిడ చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తీసింది. "మీరు రాకముందు కూడా వాన పడితే కింద కార్పెట్ నుంచి ముక్కిపోయిన వాసన వచ్చేది. పైపు కారుతోందేమో అనుకున్నాను" అంది. తనే మా పెరట్లోకి వచ్చి అత్తమ్మ చెయ్యి పట్టుకుని సారీ చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

అత్తమ్మ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "గింత సదువులు సదివి, చెరువుల ఇల్లు కొన్నరు" అని కొడుకుని దెప్పింది. తర్వాత గోంగూర మడి దగ్గర వంగి, గుప్పెడు నల్లమట్టి తీసి నలిపి చూసింది.

"చెరువు మన్ను బిడ్డా! గోంగూర ఊకెనే గట్ల లేచిందా? ఆ పార ఇటియ్యి, మెంతులు చల్లుదాం."

టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు.