గంప కింది పిల్లి

వానాకాలంలో విమానాశ్రయం దారి పొడవునా ఏపుగా పెరిగిన గడ్డిని మిషన్లతో కోస్తుంటారు. ఆ వేళ క్యాబ్ అద్దం కాస్త దించితే చాలు, ఆ పచ్చి వాసన లోపలంతా నిండుతుంది; అద్దం మళ్ళీ ఎక్కించేస్తాను. శంషాబాద్‌లో ఇంకా విమానాలు దిగని రోజుల్లో మా బాపు పండించింది గడ్డే. వరి కాదు, కూరగాయలు కాదు, పట్నంలో రేసు గుర్రాలు తినే గడ్డి.

తెల్లవారకముందే మోపులు టెంపోలో పంపేసి, రేసులున్న రోజు మధ్యాహ్నం తెల్లచొక్కా తొడుక్కుని తనూ బస్సెక్కేవాడు. తన గడ్డి తిన్న గుర్రం ఎట్లా ఉరుకుతుందో చూడకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. పొద్దున లేస్తూనే కొత్వాల్‌గూడ వైపు మబ్బు చూసేవాడు. ముసురు పట్టేట్టుందా, నేల మెత్తబడుతుందా, మెత్తటి నేల మీద ఏ గుర్రం కాలు సాగుతుంది అని వినేవాళ్ళు లేకపోతే పందిరి గుంజతోనైనా మాట్లాడేవాడు. పొయ్యి దగ్గర మక్కకంకులు కాలుస్తూ అమ్మ, "మబ్బు తర్వాత చూద్దువు గాని, ఇల్లు కురుస్తున్నది, జర గది చూడు" అనేది.

ఊళ్ళో చిన్న లైబ్రరీ ఉండేది. పిల్లలకు కార్డు ఇవ్వరు కాబట్టి బాపు పేరు మీదే నాకు పుస్తకాలు వచ్చేవి. అట్ట మీద గుర్రం బొమ్మ ఉంటే చాలు, ఆయన తెచ్చేసేవాడు. రాజుల కథలు తెచ్చాడు, యుద్ధాల కథలు తెచ్చాడు, ఒకసారి పశువైద్యం పుస్తకం కూడా తెచ్చాడు. ఆయన చదివింది మూడో తరగతి. అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంటే, నేను ఆయన భుజం మీద గడ్డం ఆనించి వినేదాన్ని. ఆయన కంటే నేనే వేగంగా చదవగలనని ఎన్నడూ చెప్పలేదు.

మా ఇంట్లో బూడిదరంగు పిల్లి ఉండేది. పేరు రాణి. ఎప్పుడూ ఆఖరున వచ్చే ఒక గుర్రం మీద జాలితో బాపు పెట్టిన పేరది. ఒకరోజు ఆయన రేసులకు బయల్దేరుతుంటే అది అడ్డం వచ్చింది. పిల్లి ఎదురైతే మా వైపు వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ వెళతారు. బాపు మాత్రం చెప్పులు విడిచేసి, "పిల్లి ఎదురొచ్చింది బిడ్డా, ఇగ ఇయ్యాల పోను. పుస్తకం తే" అన్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన నావాడే. ఎనిమిదేళ్ళ బుర్రకు ఇంకేం కావాలి? అప్పటి నుంచి రేసుల రోజు రాణిని వాకిట్లో గంప కింద మూసిపెట్టి, బాపు గడప దాటగానే గంప ఎత్తేదాన్ని. అనుమానం రాకుండా రెండు మూడుసార్లకు ఒకసారే. అంత తెలివి నాది.

ఆ యేడు బోనాలు అయిపోయాక ముసురు పట్టుకుంది. బడి మూసేశారు. మేనత్త కాన్పుకని అమ్మ రావిర్యాల వెళ్ళింది. వరుస సెలవుల్లో అది ఏ వారమో నాకు సోయి లేదు. బాపు తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

"యాడికి బాపూ?"

"పట్నం పోయొస్త. పక్కింట్ల ఉండు బిడ్డా."

ఎప్పుడూ అనే మాటే. గంప ఎత్తాను. రాణి తడి వాకిట్లో ఆచితూచి అడుగులు వేస్తూ ఆయన ముందు నుంచి దాటింది. బాపు రోడ్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. చాలాసేపు అట్లాగే నిలబడి, చెప్పులు విడిచాడు.

ఆ రోజు చదువుతూ చదువుతూ ఆగిపోయేవాడు. మెడ మీద చెమట పట్టింది. వానలో చెమటేంది బాపూ అని నేను నవ్వాను. పొద్దు గుంకకముందే, వేలు పెట్టిన వాక్యం పూర్తికాకుండానే, నా మీదికి ఒరిగాడు. నిద్రపోయాడనుకుని, లేపడం ఇష్టంలేక కదలకుండా కూర్చున్నాను.

అది రేసుల రోజు కాదు. శవం దగ్గర పక్కింటి ఆటో అన్న అమ్మతో చెప్పాడు. "పొద్దుగాల నుంచి ఛాతిల నొస్తున్నది, దవాఖానకు పోదామన్నడక్కా. రోడ్డు మీద ఆటో పెట్టుకొని చూసిన. ఎంతకూ రాకపాయె." ఎందుకు రాలేదో అంతమందిలో నాకొక్కదానికే తెలుసు. ఆ తర్వాత రాణి వచ్చి కాళ్ళకు రాసుకుంటే తన్నాను. పాపం, దానికేం తెలుసు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, గడ్డి మడి లేదు. అక్కడంతా హోటలు, దాని ముందు క్యాబులు నిలిపే జాగా. లైబ్రరీ ఉన్నచోట ప్లాట్లు అమ్మే ఆఫీసు వచ్చింది. పోయిన వానాకాలంలో ముసురు విడవని ఒక మధ్యాహ్నం, ముప్పై ఏళ్ళుగా దాచినదంతా ఏడుస్తూ అమ్మకు చెప్పేశాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట మీద నుంచి తల ఎత్తలేదు.

"గంప సంగతి ఆయనకు ఎరుకే. శురూలనే చూసిండు. నాతోని చెప్పి నవ్విండు గూడ. పిల్లి కాదే, బిడ్డ ఉండుమంటున్నది, ఎట్ల పోత అనేటోడు."

ఆ మాటతో నాకు ఊరట కలగాలని అమ్మ అనుకుంది. కలగలేదు. బాపు పిల్లిని నమ్మినవాడైతే కాళ్ళు కడుక్కుని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేవాడు. ఆటో అందేది, దవాఖానకు చేరేవాడు. నేను ఉండమన్నానని ఉండిపోయాడు.